తలకు దెబ్బ తగిలిన పిల్లలు మళ్ళీ ఆటకు ఎప్పుడు?

కంకషన్ అంటే తలకో, మెడకో, ఒంటికో తగిలిన దెబ్బ అదురు మెదడు దాకా చేరి, దాని పనిని కొన్నాళ్ళపాటు తారుమారు చేయడం. పుర్రె పగలనక్కర్లేదు, నెత్తురు కారనక్కర్లేదు. స్పృహ తప్పనక్కర్లేదు కూడా. ఆటల్లో కంకషన్ అయినవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా స్పృహలోనే ఉంటారు. లేచి నిలబడి, మట్టి దులుపుకొని, పేరు అడిగితే తడుముకోకుండా చెప్పే పిల్లవాడికి కూడా కంకషన్ అయి ఉండవచ్చు.

తల ఒక్కసారిగా కుదుపుకు లోనైనప్పుడో, గిరుక్కున తిరిగినప్పుడో పుర్రె లోపల మెదడు కదులుతుంది. దాని సన్నని నాడీతంతువులు సాగుతాయి. నాడీకణాల్లోని పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి చొరబడుతుంది. దీన్ని సరిదిద్దుకోవడానికి కణాలకు మామూలు కంటే ఎక్కువ గ్లూకోజ్ కావాలి. సరిగ్గా ఆ సమయంలోనే మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఖర్చు పెరిగి రాబడి పడిపోయిన కరువు ఏటి సంసారంలా ఉంటుంది అప్పటి మెదడు పరిస్థితి. ఇది పనిలో వచ్చిన లోపమే తప్ప ఆకారంలో కనిపించేది కాదు. అందుకే సీటీ స్కాన్ సాధారణంగా ఏ తేడా లేకుండానే వస్తుంది. స్కాన్ తీసేది లోపల రక్తస్రావమో, ఎముక పగులో ఉందేమో చూడడానికి. స్కాన్ బాగుందంటే ప్రాణాపాయం లేదన్న ధైర్యం వస్తుంది గానీ, రేపటి నుంచి ఆడించవచ్చన్న అనుమతి రాదు. ఈ తేడా తెలియకనే చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని తొందరపడి మైదానానికి పంపుతారు.

పిల్లల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. వాళ్ళ తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ కండరాలు ఇంకా బలపడలేదు. పెద్దవాళ్ళు చాలావరకు రెండు వారాల్లో తేరుకుంటే, పిల్లలకు నాలుగు వారాల దాకా పట్టవచ్చు.

అనంతపురం ప్రాంతంలో ఈ సంగతి ప్రతి బడికీ తెలిసి ఉండాలి. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) అనంతపురం నగరం అంచున కట్టిన క్రీడాగ్రామంలో క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, జూడో, టెన్నిస్ నేర్పుతున్నారు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఎందరో అక్కడ ఆటలో పైకొచ్చారు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు కూడా అక్కడే జరిగాయి. ఇక ఊళ్ళలో కబడ్డీ, ఖోఖో ఎటూ ఉన్నాయి. కూతకు వెళ్ళిన పిల్లవాడి మోకాలు పట్టేవాడి కణతకు తగలడం, ఖోఖోలో స్తంభం దగ్గర మలుపు తిరుగుతూ ఇద్దరు ఢీకొనడం, క్యాచ్ కోసం పరుగెత్తి ఇద్దరి తలలూ గుద్దుకోవడం మామూలుగా జరిగేవే. పైగా ఇది వర్షచ్ఛాయా ప్రాంతం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ కొద్ది రోజుల్లోనే కురిసి ఆగిపోతుంది. నెలల తరబడి తడి ఎరగని బడి మైదానంలో ఎర్రమట్టి గట్టిపడి, పైన చిన్నచిన్న రాళ్ళు తేలి ఉంటాయి. అలాంటి నేల మీద వెల్లకిలా పడితే తల వెనుక భాగానికి తగిలే దెబ్బ పచ్చిక మీద తగిలే దెబ్బ కంటే చాలా గట్టిది.

దులీప్ ట్రోఫీ లాంటి పోటీలో బ్యాటర్ హెల్మెట్‌కు బంతి తగిలితే వెంటనే పరీక్షిస్తారు, అవసరమైతే అతని బదులు మరొకరిని దించుతారు. అంతర్జాతీయ క్రికెట్‌లో కంకషన్ సబ్‌స్టిట్యూట్ నిబంధన 2019 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే నెలలో లార్డ్స్‌లో ఆస్ట్రేలియా జట్టులో స్టీవ్ స్మిత్ బదులు లబుషేన్ ఆడాడు. మనవాళ్ళకు బాగా గుర్తుండేది 2020 డిసెంబరు 4న కాన్‌బెర్రాలో జరిగిన టీ20. చివరి ఓవర్లో హెల్మెట్‌కు బంతి తగిలినా రవీంద్ర జడేజా ఇన్నింగ్స్ పూర్తయ్యేదాకా ఆడాడు. విరామంలో పరీక్షించాక అతన్ని ఆపేసి చాహల్‌ను దించారు. ఆ సిరీస్‌లో మిగతా టీ20లకూ జడేజా దూరంగానే ఉన్నాడు. ఇందులో రెండు సంగతులు గమనించాలి. హెల్మెట్ పుర్రెను పగలకుండా కాపాడుతుంది, లోపల మెదడు కదలకుండా ఆపలేదు. లక్షణాలు దెబ్బ తగిలిన క్షణంలోనే కాకుండా నిమిషాల తరవాతో, గంటల తరవాతో బయటపడవచ్చు.

బడి మైదానంలో డాక్టరు ఉండడు. అక్కడ ఉండేది పీఈటీ సారు, ఒక ఈల, ఒక బకెట్ నీళ్ళు. అయినా మొదటి నిర్ణయానికి డాక్టరు అక్కర్లేదు. అనుమానం వస్తే చాలు, ఆటలోంచి తప్పించాలి, ఆ రోజు మళ్ళీ దించకూడదు. “ఏం కాలేదులేప్పా, ఆడు” అని ముఖాన నీళ్ళు చల్లి పంపడం ఈ ప్రాంతపు మైదానాల్లో పాత అలవాటు. పంపేముందు పిల్లవాడి మొహం చూడాలి. చూపు నిలవకపోవడం, అడుగు తూలడం, ఏ వైపు కూతకు వెళ్ళాలో మరిచిపోవడం, అడిగిందే మళ్ళీ అడగడం, కారణం లేకుండా ఏడవడం లేదా విసుక్కోవడం, ఇవన్నీ గుర్తులే. “తల దిమ్ముగా ఉంది”, “కండ్లు బైర్లు కమ్ముతాండాయి”, “వెలుతురు చూడలేకపోతాండా” అన్న మాటల్ని సాకులుగా తీసుకోకూడదు. ఇప్పుడు ఏ మైదానంలో ఉన్నాం, చివరి పాయింటు ఎవరికి వచ్చింది, పోయిన మ్యాచ్ గెలిచామా ఓడామా అని అడిగితే పన్నెండేళ్ళు దాటిన పిల్లలు తడబడకుండా చెప్పగలగాలి. అన్నీ సరిగ్గా చెప్పినా మిగతా లక్షణాలుంటే కంకషన్ కిందే లెక్క.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఇక ఆలోచించేది లేదు, 108కి ఫోన్ చేయాలి. మళ్ళీమళ్ళీ వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, ఫిట్స్, మెడ నొప్పి, చేతుల్లోనో కాళ్ళలోనో బలం తగ్గడం, మాట ముద్దగా రావడం, కనుపాపలు రెండూ ఒకేలా లేకపోవడం, చెవిలోంచో ముక్కులోంచో పలుచని ద్రవం కారడం, మగత ముదిరి లేపితే లేవకపోవడం, ఇవి లోపల రక్తస్రావానికో, పుర్రె లేదా మెడ ఎముకకు తగిలిన దెబ్బకో గుర్తులు కావచ్చు. మెడ నొప్పి ఉన్న పిల్లవాణ్ణి భుజాన వేసుకొని, బైకు మీద మధ్యన కూర్చోబెట్టుకొని తీసుకుపోకూడదు. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గానీ, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రికి గానీ చేర్చాక అక్కడి వైద్యులు చూసి, అవసరమైతే రెండు వందల కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు పంపుతారు.

ప్రమాద సూచనలు లేవని డాక్టరు చెప్పి ఇంటికి పంపిన పిల్లలకు మొదటి 24 నుంచి 48 గంటలు విశ్రాంతి కావాలి. చీకటి గదిలో రోజుల తరబడి పడుకోబెట్టాలన్నది పాత పద్ధతి, దానివల్ల కోలుకోవడం ఆలస్యమవుతుందని ఇప్పుడు తెలిసింది. ఇంట్లో తిరగవచ్చు, వాకిట్లో నాలుగడుగులు వేయవచ్చు. ఫోను, టీవీ మాత్రం ఆ రెండు రోజులు బాగా తగ్గించాలి. నిద్రపోనివ్వకూడదని రాత్రంతా తట్టి లేపుతూ కూర్చోవడం కూడా అనవసరం. డాక్టరు చూసిన తరవాత నిద్ర మేలే చేస్తుంది. తలనొప్పికి పారాసెటమాల్ చాలు. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ మొదట్లో వద్దంటారు, రక్తస్రావం ఉంటే అవి దాన్ని పెంచుతాయన్న భయంతో.

తరవాత రావలసింది మైదానం కాదు, బడి. ఈ వరస మారకూడదు. చదవడం, నల్లబల్ల చూసి రాసుకోవడం, అరవైమంది ఒకేసారి చదివే గదిలో కూర్చోవడం, ఎండలో బస్సు ప్రయాణం, ఇవన్నీ మెదడుకు పనే. మొదట పూటబడి, మధ్యలో విశ్రాంతి, హోంవర్కులో సడలింపు, వారం రోజులు పరీక్షల నుంచి మినహాయింపు ఇస్తే చాలామంది పిల్లలు తొందరగానే మామూలు చదువులో పడతారు. హాస్టల్లో ఉండే పిల్లలకు తెల్లవారుజామున స్టడీ అవర్ నుంచి కూడా వార్డెన్ వెసులుబాటు ఇవ్వాలి. పూర్తి రోజు బడిలో కూర్చొని తలనొప్పి లేకుండా ఇంటికి రాగలిగితేనే ఆటలో పై మెట్ల గురించి ఆలోచించాలి.

ఆ మెట్లను 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన నిపుణులు సరిదిద్ది, 2023లో ప్రచురించారు. ఇలాంటి సమావేశాలు 2001లో వియన్నాతో మొదలయ్యాయి. మెట్లు ఆరు, ఒక్కోదానికి కనీసం ఒక రోజు. మొదటిది రోజువారీ పనులు. రెండోది గుండె వేగాన్ని పెంచే వ్యాయామం, అంటే నడక, ఆపైన సైకిలు, మెల్లగా పరుగు. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం అంచనాగా తెలుస్తుంది. పదమూడేళ్ళ పిల్లకు అది 207. మొదట అందులో 55 శాతం, అంటే నిమిషానికి 114 దాటకూడదు, తరవాత 70 శాతం, అంటే 145 దాకా పోవచ్చు. దీనికి ఖరీదైన వాచీ అక్కర్లేదు. మణికట్టు దగ్గర రెండు వేళ్ళుంచి పదిహేను సెకన్లు నాడి లెక్కపెడితే మొదటి దశలో 28, రెండో దశలో 36 మించకూడదు. వ్యాయామానికి ముందు, తరవాత తలనొప్పికి సున్నా నుంచి పదిలోపు అంకె వేయమని పిల్లనే అడగాలి. రెండు అంకెలకు మించకుండా పెరిగి, గంటలోపే తగ్గిపోతే భయం లేదు. అంతకు మించితే ఆ రోజుకు ఆపి, మర్నాడు మళ్ళీ ప్రయత్నించాలి.

మూడో మెట్టులో ఆ ఆటకు సంబంధించిన సాధన ఒంటరిగా చేయాలి, దిశ మార్చుకుంటూ పరుగెత్తడం, బంతి విసరడం లాంటివి. ఇక్కడి దాకా తలకు దెబ్బ తగిలే అవకాశం ఉండకూడదు. నాలుగో మెట్టులో జట్టుతో కలిసి, ఒకరినొకరు తాకని సాధన. ఐదోది పట్టులూ ఢీలూ ఉన్న పూర్తి సాధన, ఆరోది మ్యాచ్. నాలుగో మెట్టు ఎక్కాలంటే లక్షణాలన్నీ పూర్తిగా పోయి, డాక్టరు అనుమతి ఉండాలి. అక్కడి నుంచి ఏ మెట్టులో తలనొప్పి తిరగబెట్టినా మూడో మెట్టుకు దిగాలి. కబడ్డీలో ఐదో మెట్టును ప్రత్యేకంగా చూడాలి. రెండు గంటల సాధన కంటే ఒక్క గట్టి పట్టు ఎక్కువ కుదుపునిస్తుంది.

డాక్టరు వెంటనే అందుబాటులో లేని మండలాల్లో 2023లో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించిన లెక్క పాటించడం సులువు. దాని ప్రకారం విశ్రాంతిలో ఏ లక్షణమూ లేకుండా 14 రోజులు గడిస్తేనే ఢీకొనే అవకాశమున్న సాధన, దెబ్బ తగిలిన 21 రోజుల లోపు పోటీ అసలే లేదు. క్యాలెండరులో తేదీ చుట్టి గోడకు తగిలిస్తే అమ్మమ్మకు కూడా అర్థమవుతుంది.

ఇక్కడి ఎండ ఈ మెట్లను గందరగోళం చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే వేడిలో వేసవి శిక్షణ శిబిరాలు నడుస్తాయి. నీళ్ళు తక్కువైనా, వడదెబ్బ తగిలినా వచ్చేది తలనొప్పి, తల తిరగడం, వికారం. కంకషన్ లక్షణాలూ అవే. ఎండ వల్లే అనుకొని కంకషన్‌ను వదిలేయడం ప్రమాదం. కోలుకుంటున్న పిల్లకు ఎండదెబ్బ తగిలి, మెట్టు దిగాల్సి రావడం కూడా జరుగుతుంది. అందుకే సాధన పొద్దున్నే, ఎండ ఎక్కకముందే ముగించాలి. ముందే నీళ్ళు తాగించాలి. సందేహం ఉంటే కంకషన్ అనే అనుకోవాలి.

ఇంత ఓపిక ఎందుకంటే, కోలుకోని మెదడుకు రెండో దెబ్బ తగిలితే అరుదుగానైనా మెదడు ఉన్నట్టుండి వాచి ప్రాణం పోవచ్చు. పిల్లల్లో, కుర్రవాళ్ళలోనే ఇది ఎక్కువగా చూశారు. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెట్ అనే పదమూడేళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాణ్ణి తలకు దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లో మళ్ళీ దించారు. ఆట ముగిశాక మెదడులో రక్తస్రావంతో కుప్పకూలాడు. బతికాడు గానీ వైకల్యం మిగిలింది. 2009లో అతని పేరుతో వచ్చిన చట్టం ప్రకారం అనుమానం ఉన్న పిల్లల్ని ఆట నుంచి తప్పించాలి, వైద్యుల రాతపూర్వక అనుమతి లేకుండా తిరిగి దించకూడదు. కొద్ది ఏళ్ళలోనే అమెరికా రాష్ట్రాలన్నీ ఇలాంటి చట్టాలు చేశాయి.

మన బడుల్లో అలాంటి కాగితం ఒకటి చట్టం కోసం ఎదురుచూడకుండానే పెట్టుకోవచ్చు. దెబ్బ తగిలిన తేదీ, కనిపించిన లక్షణాలు, ఏ మెట్టు ఏ రోజు ఎక్కిందీ, డాక్టరు సంతకం, అంతే. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) సెలక్షన్లు వారంలో ఉన్నాయంటే పిల్లలు తలనొప్పిని దాచిపెడతారు, జిల్లా జట్టులో చోటు పోతుందని. ఆ చోటు కోలుకున్నాక కూడా ఉంటుందని సారు ముందే మాటిస్తే దాచాల్సిన అవసరం పోతుంది.

నాలుగు వారాలు దాటినా తలనొప్పి, మతిమరుపు, నిద్రలేమి, చిరాకు తగ్గకపోతే మళ్ళీ పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి. మెడ కండరాలకో, తూలుడుకో ఫిజియోథెరపీ చేస్తే మెరుగయ్యేవి చాలా ఉంటాయి. ఒకే ఏడాదిలో రెండోసారి కంకషన్ అయినా, చిన్న దెబ్బకే లక్షణాలు తిరగబెడుతున్నా, కోలుకునే కాలం ప్రతిసారీ పెరుగుతున్నా, ఆ ఆట కొనసాగించాలా వద్దా అన్నది న్యూరాలజిస్టుతో కూర్చొని మాట్లాడాలి. కబడ్డీ మానేసిన పిల్ల పరుగు పందెంలోనో, టెన్నిస్‌లోనో రాణించవచ్చు. అనంతపురంలో అందుకు మైదానాలు ఉన్నాయి.