తట్టు టీకాకి, పిల్లల చదువుకి లింకేంటి? మన తెలుగు ఊళ్ల పిల్లలపై జరిగిన స్టడీలో ఏం తేలిందంటే..

టీకా అంటే జబ్బు రాకుండా వేసే సూది. అంతవరకే చాలామందికి తెలుసు. కానీ ఆ సూది ప్రభావం పిల్లాడి చదువు మీద కూడా కనిపిస్తోందని పరిశోధకులు అంటున్నారు.

ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో 2002లో 'యంగ్ లైవ్స్' అనే స్టడీ మొదలైంది. నాలుగు దేశాల పిల్లలను ఏళ్ల తరబడి ఫాలో అయ్యారు. మన దేశంలో ఇందుకు ఎంచుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నే. ఇక్కడ సుమారు 2 వేల మంది చిన్నారుల ఎదుగుదల, చదువు వివరాలు సేకరించారు. ఇండియా, ఇథియోపియా, వియత్నాం పిల్లల లెక్కలను 2019లో పోల్చి చూస్తే.. తట్టు టీకా పడిన పిల్లలు పడనివాళ్ల కంటే సగటున 0.2 నుంచి 0.3 తరగతులు ఎక్కువ చదివారు.

ఇంతేనా అనిపించొచ్చు. కానీ ఇది సగటు. తట్టు వచ్చి బడి మానేసిన పిల్లాడికి పోయేది పావు తరగతి కాదు, ఒక్కోసారి ఏడాది మొత్తం.

టీకా వేయించే ఇళ్లలో డబ్బు, తల్లి చదువు ఎక్కువ కాబట్టే పిల్లలు బాగా చదువుతున్నారేమో? న్యాయమైన డౌటే. అందుకే అలాంటి తేడాలను లెక్కలోకి తీసుకునే పోల్చారు. మన దేశంలో 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమంపై జరిగిన మరో స్టడీలో ఒకే ఇంట్లోని వాళ్లను పోల్చారు. అక్కడా టీకాలు అందుబాటులోకి వచ్చాక పుట్టినవాళ్లే కాస్త ఎక్కువ చదివారు.

అలాగని టీకా తెలివితేటలు పెంచే మందేమీ కాదు. ఉన్నవాటిని జబ్బు లాగేసుకోకుండా కాపాడుతుంది, అంతే. తట్టు వచ్చిన ప్రతి వెయ్యి మందిలో సుమారు ఒకరికి మెదడువాపు వస్తుంది. బతికి బయటపడినా వినికిడి పోవచ్చు, బుద్ధి మాంద్యం మిగలొచ్చు.

ఇంకో దెబ్బ పైకి కనిపించదు. పాత జబ్బులను గుర్తుపెట్టుకునే రోగనిరోధక కణాలను తట్టు వైరస్ తుడిచేస్తుంది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని పిల్లలను పరీక్షిస్తే, తట్టు వచ్చి తగ్గాక వాళ్ల యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం వరకు మాయమైనట్టు 2019లో తేలింది. ఒంటి మీద దద్దుర్లు వారంలో పోతాయి. ఆ తర్వాత నెలల తరబడి జ్వరం, విరేచనాలు, న్యుమోనియా అంటూ ఆస్పత్రి చుట్టూ తిరగాల్సి రావొచ్చు. ఇక అక్షరాలు దిద్దేదెప్పుడు? 'అమ్మవారు పోసింది, అదే తగ్గిపోతుంది' అని వేపాకులతో సరిపెట్టే ఇళ్లలో ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు.

మరి టీకాతో ఆటిజం వస్తుందన్న వాట్సాప్ మెసేజ్‌ల సంగతి? ఆ ప్రచారానికి మూలమైన 1998 నాటి పరిశోధన పత్రాన్ని లాన్సెట్ జర్నల్ 2010లో వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో 6.5 లక్షల మందికి పైగా పిల్లలను పరిశీలించినా అలాంటి సంబంధమేదీ కనిపించలేదు.

ప్రస్తుతం తట్టు-రుబెల్లా టీకా తొలి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. చాలామంది మర్చిపోయేది ఈ రెండోదే. గడువు దాటినా ఐదేళ్లు నిండేలోపు వేయించొచ్చు. ఇంట్లో టీకా కార్డు తీసి చూసి, ఆ గడి ఖాళీగా ఉంటే ఆశా కార్యకర్తకు గానీ, ఏఎన్‌ఎంకు గానీ చెబితే చాలు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఫ్రీగానే వేస్తారు.