చేపతో పండ్లు విరుద్ధాహారమా?

మామిడి కాపు మొదలుకాగానే గృహిణులు నన్ను తరచుగా అడుగు ప్రశ్న ఒకటున్నది. "ఆవిరిపై ఉడికించిన చేపమీద దోరమామిడి ముక్కలు, దానిమ్మ గింజలు పరచి వడ్డించవచ్చునా? బొల్లి వస్తుందని మా అత్తగారు భయపెడుతున్నారండీ" అని. ఈ ప్రశ్నకు నేనొకప్పుడు తప్పు సమాధానము చెప్పినాను. ఆ సంగతి ముందుగా చెప్పుకొనుట న్యాయము.

నేను వైద్యవృత్తిలో ప్రవేశించిన తొలినాళ్లలో, కాకినాడలో విశ్రాంత ఉపాధ్యాయులొకరు నా చికిత్సలో ఉండేవారు. టైఫాయిడ్ జ్వరము తగ్గి నెల దాటినది గాని, ఆయనకు అన్నము సహించుట లేదు. శాస్త్రములో దీనిని అరోచకమందురు. మనిషి ఎముకల గూడైనారు. కోడలు చందువ ముక్కలను అరటి ఆకులో చుట్టి ఆవిరిపై ఉడికించి, పైన దోరమామిడి వేసి పెట్టగా, ఆయన అడిగి మరీ తిన్నారట. రెండు రోజులకు ఆయన భార్య కంగారుగా వచ్చి, "చేపా పండూ కలిపి తినవచ్చునా బాబూ?" అని అడిగినారు. నేను గ్రంథము తెరువలేదు. "విరుద్ధము, మాన్పించండమ్మా" అన్నాను. ఆ ఇంట ఆయనకు మరల గంజియే గతియైనది.

పదిరోజుల తరువాత గురువుగారి దర్శనమునకు వెళ్లి, ఈ సంగతిని కొంత గర్వముగానే విన్నవించినాను. చేపను జన్మలో ముట్టని మా గురువుగారు పడకకుర్చీలోనుండి లేవకుండానే, "ఆ అధ్యాయము చదువు నాయనా" అన్నారు. చరకసంహిత సూత్రస్థానములో 26వ అధ్యాయమది. కంఠస్థమే గనుక ధారగా మొదలుపెట్టినాను. మామిడి, మాదీఫలము, రేగు, వెలగ, దానిమ్మ, ఉసిరిక అని పండ్ల వరుస వచ్చుసరికి నా గొంతు ఆగిపోయినది. ఆ వరుస పాలతో కలుపరాని పండ్లది. చేపతో కూడదని అందులో లేదు. గురువుగారు కళ్లు మూసుకొనియే "తరువాత?" అన్నారు. మరునాడు తొలి బస్సుకు కాకినాడ వెళ్లినాను.

ఇంతకూ చేపతో శాస్త్రము నిషేధించినవేవి? ముఖ్యముగా పాలు. చిలిచిమమను ఒక్క జాతిని తప్ప మిగిలిన చేపలను పాలతో తినవచ్చునని భద్రకాప్యుడు వాదించగా, ఆత్రేయుడు అంగీకరింపక, ఏ చేపయైనను పాలతో తగదని తీర్పు చెప్పినాడు. రెండును మధురములే అయినను పాలు శీతవీర్యము, చేప ఉష్ణవీర్యము. ఇంకను తేనె, బెల్లము, నువ్వులు, మినుములు, ముల్లంగి, మొలకెత్తిన ధాన్యములు నీటి జీవుల మాంసముతో కూడవని అదే అధ్యాయము చెప్పుచున్నది. చూడండి, నేటి ఇళ్లలో పండ్ల ముక్కలపై తేనె పోసి, చేపకు మీగడ రాసి వండుచున్నారు. తప్పు అక్కడున్నది, నింద పండుమీద పడుచున్నది! (మన పులుసులో బెల్లపు ముక్క సంగతి ఏమిటని అడుగుదురేమో. నేను వేయవద్దనియే చెప్పుదును, వినువారు తక్కువ.)

బొల్లి మాట. విరుద్ధాహారము వలన కలుగు వ్యాధులలో కిలాసమును చరకుడు పేర్కొన్న మాట నిజము. అయితే శరీర రక్షణశక్తియే చర్మములోని రంగు కణములను దెబ్బతీయుట వలన బొల్లి కలుగుచున్నదని నేటి వైద్యము చెప్పుచున్నది. చేప తిన్నందువలన నీకిది వచ్చినదని నేను ఏ రోగితోను అనను. ఆ మాట విని కుమిలిపోయిన ఆడపిల్లలను చూచినాను.

ఇక వండు విధానము. చందువ గాని పండుగప్ప గాని అరకిలో తీసుకొనవలెను. చరకుడు చేపలలో శ్రేష్ఠమన్న రోహితము మన శీలావతియే గాని, దానికి సన్నని ముండ్లు ఎక్కువ. పిల్లలకు, వృద్ధులకు చందువయే మేలు. ముక్కలకు పసుపు, సైంధవ లవణము, పావుచెంచా మిరియాల పొడి, చెంచాడు అల్లపు రసము పట్టించి పావుగంట ఉంచి, అరటి ఆకులో చుట్టి ఇడ్లీ పాత్రలో పది పన్నెండు నిమిషములు ఉడికించవలెను. గాజువలె ఉన్న కండ తెల్లబడి, నొక్కిన రేకులుగా విడిపోవలెను. నిమ్మరసములో నానిన చేప కూడ తెల్లబడును గాని అది ఉడుకుట కాదు, క్రిములు చావవు.

ఒక కప్పు దోరమామిడి ముక్కలు, అరకప్పు దానిమ్మ గింజలు, కొత్తిమీర, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు సైంధవము కలిపి, వడ్డించునప్పుడు మాత్రమే పైన పరచవలెను. చేప గురువు, స్నిగ్ధము. పులుపు జఠరాగ్నిని రగిల్చి రుచి పుట్టించును. అందుకే ఆ ఉపాధ్యాయులకు అది నోటికి హితవైనది. పిత్తప్రకృతి గలవారు మామిడి తగ్గించి దానిమ్మ పెంచవలెను. దానిమ్మ, ఉసిరిక తప్ప పుల్లనివన్నియు ప్రాయికముగా పిత్తమును పెంచునని శాస్త్రము. అనాస వాడదలచినవారు ముందుగా కలిపి ఉంచరాదు. దానిలో మాంసమును కరిగించు గుణమున్నందున చేప ముద్దయగును.

చేప పడక దద్దురులు, ఆయాసము వచ్చువారు దీని జోలికి పోరాదు. మూత్రపిండముల వ్యాధి గలవారు తమ వైద్యుని అడిగి తినవలెను. పడుకొనుముందు పాలు త్రాగు అలవాటున్న ఇంట దీనిని మధ్యాహ్నమే వడ్డించి, ఆనాటికి పాలు మానుట మంచిది.

కాకినాడ ఉపాధ్యాయులకు ఆ వంటను మరల నేనే పెట్టించినాను. నెలన్నరకు వీధి చివరివరకు నడువగలిగినారు. ఆయన భార్య మాత్రము ఆ పళ్లెము వచ్చినప్పుడెల్ల ముఖము తిప్పుకొనేవారు. అయినను చేప తిన్ననాటి రాత్రి పాలగ్లాసును ఆవిడే తీసి లోపల పెట్టేవారట.