కుక్కకాటు: కణములో దూరు శత్రువు

"కుక్క కరచినది, పసరు పోయుదురా?" అని నేటికిని మా యింటికి జనము వచ్చుచునే యున్నారు. గత నెల ఆరంభమున ఒక తల్లి యెనిమిదేండ్ల కుమారుని తీసికొనివచ్చినది. పిక్కపై రెండు పంటిగాట్లు. వానిపై కారము, సున్నము దట్టించియున్నవి. పసరు పోయక, బాలుని కుళాయి క్రింద కూర్చుండబెట్టి పావుగంటసేపు సబ్బుతో కాలు కడిగించి, టీకాకై ప్రభుత్వాసుపత్రికి పంపితిని. వైద్యుడై యుండి మందీయలేదని ఆమె నొచ్చుకొన్నది. ఆనాడు తొందరలో చెప్పజాలని కారణమును ఇచట వ్రాయుచున్నాను.

మన దేహము అసంఖ్యాకములైన జీవకణముల కూర్పు. ప్రతి కణమును ఒక సంసారమువంటిది. ఆహారము గ్రహించును, శక్తి పుట్టించుకొనును, మలమును విడుచును. బాక్టీరియా కూడ ఒంటికణపు ప్రాణియే. పాలను పెరుగుగా తోడువేయునది అట్టి జీవియే. వైరస్ అట్టిది కాదు. దానికి పొయ్యి లేదు, ఆకలి లేదు. కొంత జన్యుపదార్థము, దానిచుట్టు మాంసకృత్తుల తొడుగు, కొన్నిటికి పైన క్రొవ్వుపొర, అంతియే. 1935లో స్టాన్లీ యను అమెరికా శాస్త్రజ్ఞుడు పొగాకు తెగులు వైరస్‌ను ఉప్పువలె స్ఫటికములుగా వేరుచేసెను. ఆ స్ఫటికములను నీట కలిపి ఆకుపై రుద్దగా మరల తెగులు పుట్టినది! అది ప్రాణియా, కాదా యని పండితులు నేటికిని వాదించుచున్నారు. నాకు మాత్రము, పరుల వంటయింట జొరబడి వంటవానిచేత తన వంట చేయించుకొను చీటీవలె తోచును.

రేబీస్ వైరస్ తుపాకిగుండు ఆకారము గలది. మిల్లీమీటరులో అయిదువేలవ వంతుకన్న చిన్నది. కుక్క చొంగతో గాయమున ప్రవేశించి, కండరమును నాడి తాకుచోట, నాడీకణము తన పనికై పైన నిలుపుకొన్న మాంసకృత్తులను పట్టుకొనును. కణమే దానిని లోనికి మ్రింగును. లోపల వైరస్ తొడుగు విడిచి, కణపు సామగ్రితోనే తనవంటివానిని చేయించుకొనును. నాడిలో సరకులు మోయు మార్గము ననుసరించి వెన్నుపామునకు, మెదడునకు చేరును. అటనుండి లాలాజలగ్రంథులకు దిగును. ఈ ప్రయాణమునకు సాధారణముగా ఒకటి మొదలు మూడు నెలలు పట్టును. ఆ యెడమే మనకున్న అదను. 1885లో పాశ్చర్, కాటు తిన్న బాలునికి టీకా వేసి కాపాడినది ఈ అదనులోనే.

సుశ్రుతుడు కల్పస్థానమున పిచ్చికుక్క కాటును వర్ణించి, నీటిని చూచి బెదరు జలత్రాసము కలిగినచో అసాధ్యమని చెప్పెను. కాటును కాగిన నేతితో కాల్చుమనెను. విషమును వాకిటనే చంపవలెనని ఆయన తలపు. నేడు కాల్చరాదు, సబ్బు వైరస్ క్రొవ్వుపొరను కరిగించి ఆ పనినే చేయును. కారము, సున్నము, పసుపు పుండును రేపుటకే. ఆంటీబయాటిక్ మాత్రలు బాక్టీరియా గోడలను, దాని సొంత యంత్రాంగమును దెబ్బతీయును. అవి రెండును లేని వైరస్‌ను ఏమి చేయగలవు?

మరి పసరుతో బ్రదికినవారు లేరా యని అడుగుదురు. కరచిన కుక్కలన్నియు పిచ్చివి కావు గనుక బ్రదికిరి. నేను గురుకులమున చదువుచుండగా ఒక యువకుని జలత్రాసముతో మోసికొనివచ్చిరి. గురువుగారు చూచి వెలుపలికి వచ్చి, ఆనాడు పాఠము చెప్పలేదు. రెండు నెలల క్రితము అతనికి పసరు పోసినది మేమే.

టీకా కండరమునకు వేయు పద్ధతిలో కాటుపడిన వెంటనే, తరువాత 3, 7, 14, 28వ దినములందు వేయుదురు. రక్తము వచ్చిన గాయమైనచో ఇమ్యునోగ్లోబ్యులిన్ అను రక్షకద్రవ్యమును గాయమునందే ఎక్కింతురు. మధ్యలో మానరాదు. పథ్యములేమియు లేవు.

మొన్న ఆ బాలునికి అయిదవ సూదియు పడినది. ఆ కుక్క యెవరిదో, ఏమైనదో ఇంతవరకు తెలియలేదు.