వెలుగు వెనుకనున్న విద్య

ప్రొద్దుగుంకి చీకటి పడగానే పట్టణమునందలి బజారువీధి క్రొత్తరూపు దాల్చును. వస్త్రశాల మీద ఎఱ్ఱని అక్షరములు, మందులషాపు మీద పచ్చని గుర్తు, సినిమాహాలు ముంగిట పరుగులిడు దీపములు మన చూపులను తమవైపు లాగుకొనును. దుకాణముల పేర్లను వెలుగుతో వ్రాసి చూపు ఇట్టి బోర్డులను దీపఫలకములని పిలుతము. వానిని చూచి ఆనందించువారు వేలకొలది కలరు. కాని ఆ అక్షరముల వెనుక ఎట్టి తీగెలు సాగినవి, వానిలో ఎంత శక్తి ప్రవహించుచున్నది, వానిని గోడకు అమర్చినవాడు ఏమి నేర్చుకొని ఆ నిచ్చెన ఎక్కెను అని యోచించువారు కొలదిమందియే. ఈ పాఠమున ఆ సంగతులను తెలిసికొందము.

దీపఫలకములలో పేరుగన్నది నియాన్ దీపము. 1898వ సంవత్సరమున లండను నగరములో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ అను శాస్త్రజ్ఞులు నియాన్ వాయువును కనుగొనిరి. గ్రీకు భాషలో ఆ పేరునకు ‘క్రొత్తది’ అని అర్థము. మనము పీల్చు గాలిలో అది మిక్కిలి స్వల్పముగా కలసియున్నది. 1910వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడైన జార్జి క్లాడ్ పారిస్ నగరమునందలి మోటారు వాహనముల ప్రదర్శనములో నియాన్ గొట్టములను వెలిగించి చూపెను. అటుపిమ్మట కొలది ఏండ్లలోనే ఆ దీపములు దేశదేశముల వీధులలో వెలసినవి.

నియాన్ దీపములో బల్బులో వలె కాలి వెలుగు తీగె లేదు. గాజుగొట్టమును కొలిమి మంటలో వేడిచేసి అక్షరముల ఆకారమున వంచెదరు. అందలి గాలిని తీసివేసి, కొంచెము నియాన్ వాయువును నింపి, రెండు కొనలను మూసివేయుదురు. ఆ కొనలయందు అమర్చిన లోహపు ముక్కల మధ్య హెచ్చు వోల్టేజి కల్పించినపుడు వాయువులోని పరమాణువులు ఉత్తేజము పొంది ఎఱ్ఱని కాంతి నిచ్చును. ఆర్గాన్ వాయువును పాదరసపు ఆవిరితో కలిపి వాడినచో నీలికాంతి వచ్చును. గొట్టము లోపల తగిన పొడులు పూసినచో ఇతర వర్ణములు కలుగును.

ఇట్లు వాయువును వెలిగించుటకు ఇండ్లలోని సామాన్య వోల్టేజి చాలదు. మన ఇండ్లకు వచ్చునది 230 వోల్టులు; అమెరికాలో గోడప్లగ్గులకు వచ్చునది 120 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మరు అను సాధనము దీనిని వేల వోల్టులకు పెంచును. అప్పుడు గొట్టములో ప్రవహించునది కొన్ని పదుల మిల్లీ ఆంపియరులు మాత్రమే. 120 వోల్టుల మీద వెలుగు అరువది వాట్ల బల్బు 500 మిల్లీ ఆంపియరులు తీసికొనును. దానితో పోల్చిన నియాన్ గొట్టపు ప్రవాహము చాల తక్కువ. అంతమాత్రమున అది అపాయము లేనిదని తలపరాదు. కొన్ని పదుల మిల్లీ ఆంపియరులు ఛాతీ గుండ ప్రవహించినచో గుండె ఆగిపోవచ్చును. పొడి చర్మము తక్కువ వోల్టేజిని కొంతవరకు అడ్డగించును గాని, వేల వోల్టుల ఎదుట అది నిలువజాలదు.

కావుననే దీపఫలకములను అమర్చుట తోచినవారెల్ల చేయదగిన పని కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెక్కుచోట్ల ఇట్టి పనికి లైసెన్సు కావలయును. టెక్సాసు రాష్ట్రమున దీపఫలకముల పని చేయు ఎలక్ట్రీషియనులకు ప్రత్యేకమైన లైసెన్సే కలదు. దానిని కోరువాడు మొదట అనుభవజ్ఞుల క్రింద పనిచేసి, పిదప పరీక్షలో కృతార్థుడు కావలెను. ఆ పరీక్షకు ఆధారగ్రంథము ‘జాతీయ విద్యుత్ నియమావళి’. 1897వ సంవత్సరమున మొదట వెలువడిన ఈ గ్రంథమును 1911 నుండి ఆ దేశపు జాతీయ అగ్నిరక్షణ సంఘము సాకుచున్నది. మూడేండ్లకొకసారి దీనిని సవరించి క్రొత్తగా ముద్రింతురు. ఇందులో 410వ ప్రకరణము దీపముల అమరికను, 600వ ప్రకరణము దీపఫలకములను గూర్చి చెప్పును.

అనేక రాష్ట్రములలో ఈ గ్రంథమును దగ్గర నుంచుకొనియే పరీక్ష వ్రాయవచ్చును. పుస్తకము చూచి వ్రాయు పరీక్ష మిక్కిలి సులభమని మీకు తోచవచ్చును. కాని ఆ గ్రంథము వందలకొలది పుటలు కలది. పరీక్షకు కాలము మితమైనది. ఏ నియమము ఎచ్చట నున్నదో ఎఱుగనివాడు పుటలు త్రిప్పుచుండగనే గడువు తీరిపోవును. అంకెలను మాత్రము వల్లెవేసినవాడు ప్రశ్నను కొంచెము మార్చి అడిగినచో తడబడును. ఈ నియమము ఎవరిని కాపాడుటకు పుట్టినది అని ప్రతిచోట తన్ను తాను ప్రశ్నించుకొనువాడు మాత్రము దానిని మరువడు. అట్టి విద్యార్థి యొకడు పరీక్షకు చదువుచున్నాడని తలచి, మనమును అతని ప్రక్కన కూర్చుండి కొన్ని నియమములను పరిశీలింతము.

మొదటిది లెక్క. బాటసారులు రాకపోకలు సాగించు ప్రతి దుకాణపు ప్రవేశద్వారము కడ దీపఫలకము కొఱకు ఒక విద్యుత్ స్థానము ఉండవలెను. దానికి 20 ఆంపియరులకు తగ్గని ప్రత్యేకమైన సర్క్యూటు వేయవలెను. ఆ సర్క్యూటు మీద మఱి యే యితర పరికరమును ఉంచరాదు. దాని భారమును 1200 వోల్టు ఆంపియరులకు తక్కువ కాకుండ లెక్కింపవలెను. మూడు గంటలు గాని అంతకు మించి గాని ఎడతెగక ప్రవహించు భారమునకు ‘నిరంతర భారము’ అని పేరు. దీపఫలకముల భారమును నిరంతర భారముగనే లెక్కింపవలెనని నియమము. అట్టి భారమునకు నూటికి ఇరువదియైదు వంతులు అధికముగా చేర్చి సర్క్యూటును నిర్ణయింపవలెను. 1200కు 300 చేర్చిన 1500 అగును. దానిని 120 వోల్టులచే భాగించిన 12.5 ఆంపియరులు వచ్చును. 20 ఆంపియరుల సర్క్యూటు దీనిని సులువుగా మోయగలదు. ఫలకము 2400 వోల్టు ఆంపియరులు కోరునదైనచో అదే లెక్కన 25 ఆంపియరులగును. అప్పుడు 20 ఆంపియరుల సర్క్యూటు ఒక్కటి చాలదు.

ఈ అధికపు వంతు ఏల? ఎద్దుబండి కొంతదూరము హెచ్చు బరువును లాగగలదు; రాత్రియంతయు లాగుమన్నచో ఎద్దులు కూలును. తీగెలు, స్విచ్చులు, ఫ్యూజులును అట్టివే. గంటల తరబడి సాగు ప్రవాహముచే అవి వేడెక్కును. వేడిచే తీగె మీది తొడుగు క్రమముగా చెడును. తుదకు నిప్పు పుట్టును. దుకాణము మూసి యజమాని ఇంట నిద్రించుచుండగా దీపఫలకము వెలుగుచునే యుండును. అతనికిని, ఆ మేడమీద కాపురముండు వారికిని ఆ లెక్కయే కాపలాదారు.

రెండవది స్విచ్చి. దీపఫలకమునకు విద్యుత్తును పూర్తిగా తెంపివేయు స్విచ్చి ఉండవలెను. అది ఫలకమునకు కనుచూపు మేరలో నుండవలెనని నియమము. ‘కనుచూపు మేర’ యనగా ఏమి? అడ్డు లేకుండ కనబడుటయు, 50 అడుగులకు మించి దూరము లేకుండుటయు రెండును కావలెనని గ్రంథము నిర్వచించినది. స్విచ్చిని కంటికి కానరానిచోట నుంచక తప్పనిచో, దానిని ఆపిన స్థితిలో తాళము వేయుటకు వీలుండవలెను.

ఈ నియమములోని ప్రాణమును ఇట్లు ఊహింపుడు. ఒక యువకుడు స్విచ్చి ఆపి, నిచ్చెన ఎక్కి, పగిలిన గొట్టమును విప్పుచున్నాడు. స్విచ్చి భవనపు వెనుకభాగమున ఎక్కడనో ఉన్నది. దుకాణపు పనివాడు దీపము వెలుగకుండుట చూచి, ఎవరో పొరపాటున ఆపిరని తలచి, స్విచ్చి వేసినాడు. అతనిలో ద్వేషము లేదు, నిర్లక్ష్యమును లేదు, పైన మనిషి యున్నాడని తెలియదు, అంతే. స్విచ్చి యువకుని కన్నులయెదుట నున్నచో అతడు కేక వేసి వారించియుండును. తాళము వేసియున్నచో ఆ చేయి దానిని కదల్పలేకపోయెడిది. జేబులోని చిన్న తాళపుచెవి అట్టివేళ ఒక ప్రాణమును కాపాడును.

మూడవది ఎత్తు. వాహనములు తిరుగుచోట ఫలకపు అడుగుభాగము నేలకు 14 అడుగులకు తక్కువ ఎత్తున ఉండరాదు; తక్కువ ఎత్తున నున్నచో దెబ్బ తగులకుండ రక్షణ ఏర్పరుపవలెను. సరకులు నింపిన లారీ తగిలి ఫలకమును చీల్చినచో తీగెలు బాటసారులపై పడునని వేఱుగ చెప్పనక్కరలేదు.

వానలో తడియు ఫలకపు పెట్టెకు అడుగున నీరు కారిపోవు రంధ్రములు ఉండవలెను. అట్టి రంధ్రము పావు అంగుళమునకు తగ్గరాదు. అర అంగుళమునకు మించరాదు. మిక్కిలి చిన్న రంధ్రమున నీటిబొట్టు వ్రేలాడి నిలిచిపోవును; మిక్కిలి పెద్దదైనచో లోనికి అక్కరలేని వస్తువులు చొరబడును. ఇంత చిన్న విషయమునకు సైతము రెండు హద్దులు గీయబడినవి.

నాల్గవది నియాన్ ఫలకములకు చెందినది; ఇదియే అన్నిటికంటె జాగ్రత్తతో చదువదగినది. ట్రాన్స్‌ఫార్మరు పెంచిన వోల్టేజి 15,000 వోల్టులను మించరాదు. గాజుగొట్టము తనకు ఆధారమైన పట్టీలను తప్ప మఱి యే ఉపరితలమునకును పావు అంగుళము కంటె దగ్గరగా నుండరాదు. ట్రాన్స్‌ఫార్మరు నుండి మొదటి గొట్టము వరకు సాగు హెచ్చు వోల్టేజి తీగె లోహపు గొట్టములో నున్నచో 20 అడుగులకు, లోహము కాని గొట్టములో నున్నచో 50 అడుగులకు మించరాదు. లోహమునకు, లోహము కానిదానికి ఇంత భేదమేల? తీగె నడుమనున్న లోహమును, చుట్టునున్న లోహపు గొట్టమును, వాని మధ్యనున్న తొడుగును కలిసి విద్యుత్తును నిలువచేయు కెపాసిటరు వలె పనిచేయును. పొడవు పెరిగినకొలది ఆ తొడుగు మీది ఒత్తిడియు, ప్రవాహపు నష్టమును హెచ్చును. అచ్చటి గాలి ఓజోనుగా మారి తొడుగును కొఱికివేయును. తుదకు అది పగిలి మెఱుపు చిమ్మును. అందువలననే లోహమునకు తక్కువ పొడవు విధింపబడినది.

ఇవియు చాలవని, హెచ్చు వోల్టేజి దారితప్పి భూమిలోనికి పోయిన క్షణముననే సరఫరాను ఆపివేయు రక్షణ సాధనము సాధారణముగా ట్రాన్స్‌ఫార్మరులో నుండవలెనని నియమించిరి. ఫలకపు లోహభాగములన్నిటిని ఎర్తు తీగెకు కలుపవలెను.

దీపముల ప్రకరణమందును ఇట్టి వివేకమే కానవచ్చును. బట్టలు దాచు చిన్న గదిలో మూత లేని వేడిబల్బును అమర్చరాదు. మూతగల వేడిబల్బు దీపమునకు, వస్తువులు పెట్టు స్థలమునకు నడుమ 12 అంగుళముల ఎడము కావలెను. గోడకు గాని పైకప్పునకు గాని బిగించిన ఫ్లోరెసెంట్ దీపమునకు 6 అంగుళములు చాలును. వేడిబల్బు విద్యుత్తులో అధికభాగమును వేడిగా మార్చును. పేర్చిన బట్టలకు తగిలినచో పొగ పుట్టుట తథ్యము. స్నానపు తొట్టిమీద గొలుసున వ్రేలాడు దీపమును ఉంచరాదు. తొట్టి అంచునుండి అడ్డముగా 3 అడుగులు, ఎత్తుగా 8 అడుగుల మేరలో దానికి చోటులేదు. తడిచేతులతో నిలుచున్నవాడు దానిని అందుకొనరాదని దీని భావము.

ఇటీవల నియాన్ స్థానమును ఎల్.ఇ.డి. దీపములు చాలవరకు ఆక్రమించినవి. వీనిలో చాలవాటికి 12 గాని, 24 గాని వోల్టులు చాలును. అందుచే దీపముల కడ అపాయము తగ్గినది. కాని వానికి శక్తినిచ్చు పరికరమునకు 120 వోల్టుల సరఫరా వచ్చుచునే యున్నది. లెక్క, స్విచ్చి, ఎత్తు, ఎర్తు అను నియమములు పోలేదు.

మన దేశమునను ఈ పనికి కట్టుబాటులు కలవు. బల్బు మార్చుట వంటి చిన్న పనులు తప్ప విద్యుత్ పనులను లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారా, యోగ్యతాపత్రము గలవాని పర్యవేక్షణమున జరిపింపవలెనని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు శాసించినవి. వాని స్థానమున 2010లోను, తరువాత 2023లోను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ క్రొత్త నిబంధనలను వెలువరించినది. అంకెలు దేశమును బట్టి మారవచ్చును, నీతి యొక్కటే.

విద్యార్థులారా! పరీక్ష యనగా మార్కుల కొఱకు ఏర్పడిన అడ్డుగోడ యని మనము అనుకొనుచుందుము. ఎలక్ట్రీషియను పరీక్ష అట్టిది కాదు. అతడు అమర్చిన దీపము క్రింద నడచువారు అతని పేరెఱుగరు. అతని లైసెన్సును చూడగోరరు. పని సరిగా జరిగినదని నమ్మి నడచిపోవుదురు. ఆ నమ్మకమును మోయగలవాడా కాడా యని తేల్చుటకే ఆ పరీక్ష. ఇకమీదట బజారులో ఎఱ్ఱని అక్షరములు వెలుగుచుండ చూచినపుడు, వానిని వెలిగించిన పనివాని చదువును కూడ ఒక్కసారి తలచుకొనుడు.