పది మందితో టూర్ వెళ్తున్నారా..? రూమ్ బుక్ చేసే ముందు ఈ లెక్క చూసుకోండి.. వేములవాడ నుంచి బాసర దాకా..

ఇంటిల్లిపాదీ కలిసి వేములవాడ వెళ్దామని అనుకోవడం ఈజీనే. తుఫాన్ బండి మాట్లాడుకోవడమూ ఈజీనే. అసలు చిక్కంతా రాత్రి ఎక్కడ పడుకోవాలన్న దగ్గరే మొదలవుతుంది. తాత, నాయనమ్మ, చిన్నాయన వాళ్లు, మేనత్త వాళ్లు, పిల్లలు.. లెక్కేస్తే 12 మంది. లాడ్జిలో అడిగితే నాలుగు రూములు తీసుకోవాలంటారు. ఆ బిల్లు ఊహించుకుని కొందరు పెద్దవాళ్లను ఇంటి దగ్గరే వదిలేస్తారు. ఇంకొందరు రాత్రికి రాత్రే తిరుగు ప్రయాణం పెట్టుకుంటారు. పొద్దంతా బండి నడిపిన డ్రైవర్‌ను అర్ధరాత్రి మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చోబెట్టడమంటే.. రూమ్ ఖర్చు మిగలడం సంగతి దేవుడెరుగు, ప్రాణాలతో చెలగాటమే.

నిజానికి ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో తక్కువ ఖర్చుతో ఉండే దారులు ఉన్నాయి. కాకపోతే భార్యాభర్తలు ఇద్దరు బుక్ చేసుకున్నట్టు పెద్ద ఫ్యామిలీ బుక్ చేస్తే మాత్రం జేబుకు చిల్లే.

రూములు కాదు.. మంచాలు లెక్కపెట్టాలి

బుకింగ్ యాప్‌లలో మామూలుగా ఒక రూమ్ అంటే ఇద్దరు పెద్దవాళ్లు. మహా అయితే ఇంకో ఎక్స్‌ట్రా బెడ్. ఎక్స్‌ట్రా బెడ్ అంటే చాలాచోట్ల నేల మీద వేసే పరుపే అని గుర్తుపెట్టుకోండి. మూడు, నాలుగు మంచాలున్న రూములు కొన్ని లాడ్జీల్లో ఉన్నా యాప్‌లో కనిపించకపోవచ్చు. అందుకే నేరుగా ఫోన్ చేసి అడగాలి.

ఉదాహరణకు డబుల్ రూమ్ రూ.1,500, ఎక్స్‌ట్రా బెడ్ రూ.400, నాలుగు మంచాల రూమ్ రూ.2,200 అనుకుందాం. 12 మందికి నాలుగు డబుల్ రూములు, నాలుగు ఎక్స్‌ట్రా బెడ్లు తీసుకుంటే రాత్రికి రూ.7,600. అదే నాలుగు మంచాల రూములు మూడు తీసుకుంటే రూ.6,600. పైగా ఎవరూ కింద పడుకోనక్కర్లేదు. డార్మిటరీ లేదా హాల్ ఉంటే ఖర్చు ఇంకా తగ్గించుకోవచ్చు. పెద్దవాళ్లకు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక రూమ్, మిగతావాళ్లంతా హాల్లో. పిల్లలకైతే అదే పండగ.

బిల్లులో ట్యాక్స్ కూడా చూడండి. రోజుకు రూ.7,500 వరకు ఉన్న రూములపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇంకా 12 శాతం వేస్తే అక్కడే అడగండి. ఆలయ ట్రస్టులు గుడి ప్రాంగణంలో అద్దెకిచ్చే గదులకు రోజుకు రూ.1,000 లోపు ఉంటే జీఎస్టీ లేదు. ఇక జీఎస్టీ రిజిస్ట్రేషనే లేని చిన్న లాడ్జి ఆ పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. బిల్లుపై జీఎస్టీ నంబర్ ఉందో లేదో చూస్తే సరిపోతుంది.

వేములవాడలో సోమవారమే అసలు సమస్య

రాజన్న దర్శనానికి సోమవారం రద్దీ ఎక్కువ. కోడె మొక్కు చెల్లించేవాళ్లు ఆదివారం సాయంత్రానికే చేరుకుని అక్కడే నిద్ర చేస్తారు. దీంతో ఆ ఒక్క రాత్రి రూముల కోసం పోటీ మామూలుగా ఉండదు. శివరాత్రి, శ్రావణం, కార్తీకం సంగతి సరేసరి. మేడారం వెళ్లే భక్తులు ముందుగా రాజన్నను దర్శించుకోవడం ఆనవాయితీ కాబట్టి, రెండేళ్లకోసారి జాతరకు ముందు వారాల్లోనూ ఇదే పరిస్థితి. మొక్కుకు సోమవారమే కావాలన్న పట్టింపు లేకపోతే మంగళవారం నుంచి గురువారం మధ్య వెళ్లడం మేలు.

ఇక్కడ దేవస్థానం గదులతో పాటు వేర్వేరు కుల సంఘాల సత్రాలు కూడా ఉన్నాయి. పెద్ద కుటుంబాలకు సత్రంతో ఇంకో లాభం ఉంది. మొక్కు కోసం వచ్చేవాళ్లు వంట చేసుకోవాలనుకుంటారు. లాడ్జి రూములో గ్యాస్ పొయ్యి పెట్టనివ్వరు, పెట్టకూడదు కూడా. సత్రాల్లో బయట వంటకు చోటు ఉంటుందేమో ముందే కనుక్కోండి.

వేములవాడలో దొరకకపోతే కరీంనగర్‌లో ఉండి వెళ్లొచ్చు. దూరం దాదాపు 35 కిలోమీటర్లే. జగిత్యాల దారిలో కొండగట్టు కూడా ఇంచుమించు అంతే. ఒకే చోట రెండు రాత్రులు ఉండి రెండు గుళ్లూ చూసుకుంటే రోజూ సామాన్లు సర్దే పని తప్పుతుంది. రెండు రాత్రులు, మూడు రూములు అన్నప్పుడు మేనేజర్‌తో రేటు మాట్లాడటానికి మొహమాటపడొద్దు. అయితే పెళ్లి ముహూర్తాలున్న రోజుల్లో ఈ బేరం నడవదు. సిటీలో లాడ్జీలు పెళ్లివాళ్లతోనే నిండిపోతాయి. క్యాలెండర్ చూసి బయలుదేరండి.

చెకౌట్ టైమ్ అడగడం చాలామంది మర్చిపోతారు. 24 గంటల చెకౌట్ అయితే సాయంత్రం 6కు దిగినవాళ్లు మర్నాడు సాయంత్రం 6 వరకు ఉండొచ్చు. మధ్యాహ్నం 12 చెకౌట్ అయితే దర్శనం క్యూలో ఉండగానే రూమ్ టైమ్ అయిపోతుంది. మూడు రూములకు అదనపు రోజు పడితే మిగిల్చిందంతా అక్కడే పోతుంది.

ఆదిలాబాద్ వైపు వెళ్తే..

2016లో జిల్లాల విభజన తర్వాత యాప్‌లో ‘ఆదిలాబాద్’ అని కొడితే సరిపోదు. బాసర, నిర్మల్ జిల్లాలో ఉంది. కవ్వాల్ టైగర్ రిజర్వ్‌కు వెళ్లేవాళ్లు దిగే జన్నారం మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. ఊరి పేరుతోనే వెతకండి.

బాసరలో అక్షరాభ్యాసం అంటే ఒక్క పిల్లాడి కోసం రెండు వైపుల తాతలు, అమ్మమ్మ, నాయనమ్మలు అందరూ కదులుతారు. వసంత పంచమి, నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజు వెళ్లాలనుకుంటే చాలా ముందే బుక్ చేసుకోవాలి. మామూలు రోజుల్లో ఆలయ గదులు, సత్రాలు, టూరిజం శాఖ హరిత హోటల్ ఉన్నాయి. జన్నారం, కడెంలోనూ హరిత ఉంది కానీ, అడవి చూడటానికి వచ్చేవాళ్లంతా వీకెండ్‌లోనే వస్తారు. కుంటాల జలపాతానికి నిర్మల్ గానీ, ఆదిలాబాద్ గానీ బేస్‌గా పెట్టుకోవడం నయం. రెండూ 44వ నంబర్ జాతీయ రహదారిపైనే ఉన్నాయి.

అడ్వాన్స్ పంపే ముందు ఒక్క నిమిషం

ఆలయ గదులు, హోటళ్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నడుస్తున్నాయని కేంద్ర హోంశాఖ 2025 ఏప్రిల్‌లోనే హెచ్చరించింది. సెర్చ్‌లో మొదట కనిపించిన నంబర్‌కు ఫోన్ చేసి, వాళ్లు పంపిన క్యూఆర్ కోడ్‌కు మొత్తం డబ్బు కొట్టేయొద్దు. దేవస్థానం, టూరిజం అధికారిక సైట్లలోనే బుక్ చేయండి. మోసపోతే వెంటనే 1930కి కాల్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే ఛాన్స్ అంత ఎక్కువ.

ఇక బయలుదేరేటప్పుడు పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులు ఒకే కవర్‌లో పెట్టుకోండి. ఒక్కరిది చూపిస్తే చాలని అనుకుంటారు కానీ, రూములో ఉండే పెద్దవాళ్లందరి గుర్తింపు కార్డులు లాడ్జివాళ్లు అడుగుతారు.