ఐ.పి. పెడితే అప్పు తీరినట్లేనా?

"ఫలానా వ్యాపారి ఐ.పి. పెట్టాడు" అనే మాట మీరు వినే ఉంటారు. ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అనగా దివాలా దరఖాస్తు. అది వేయగానే అప్పు రద్దవుతుందనుకోవడం పొరపాటు.

2016 నాటి దివాలా కోడ్ వ్యక్తులలో కంపెనీ అప్పులకు హామీ ఉన్నవారికే, 2019 డిసెంబరు 1 నుంచి, అమలైంది. మన రాష్ట్రాలలో మిగిలిన వ్యక్తులకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే ఆధారం.

అర్హత: రుణగ్రస్తుడు అప్పులు తీర్చలేని స్థితిలో ఉండాలి. దానితోపాటు అప్పులు కనీసం 500 రూపాయలుండాలి, లేదా డిక్రీ అమలులో అతను అరెస్టయి ఉండాలి, లేదా ఆస్తిపై జప్తు ఉత్తర్వు ఉండాలి.

దాఖలు: నివసించే లేదా వ్యాపారం చేసే ప్రాంతపు జిల్లా కోర్టులో, లేదా అధికారం పొందిన సబ్ కోర్టులో వేయాలి. అప్పిచ్చినవారి పేర్లు, చిరునామాలు, బాకీలు, తన ఆస్తులు అన్నీ చూపాలి.

ఫలితం: కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి కోర్టు లేదా రిసీవరు అధీనంలోకి పోతుంది. దుస్తులు, వంటపాత్రలు, వృత్తి పనిముట్లు వంటివి మిగులుతాయి. విమోచనకు గడువులోగా మళ్లీ దరఖాస్తు చేయాలి, లేకుంటే ప్రకటనే రద్దవుతుంది. విమోచన పొందినా ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు, మనోవర్తి తప్పవు.

కనుక ఎవరైనా "ఐ.పి. పెట్టాను, అప్పు పోయింది" అంటే, విమోచన ఉత్తర్వు వచ్చిందా అని అడగండి.