చెయ్యికి మాత్రమే మత్తు: లెక్క మీ బరువుతోనే మొదలు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ రోడ్ల మీద బైకు జారి మణికట్టు విరిగితే, ప్లేటు వెయ్యాలని డాక్టరు చెప్పగానే ఇంటివాళ్లు అడిగే మొదటి మాట: "పూర్తి మత్తిస్తారా?" ముంజేయి, మణికట్టు, వేళ్ల ఆపరేషన్లలో చాలావాటికి ఆ అవసరం లేదు. చెయ్యి వరకే మత్తిచ్చే నరాల బ్లాక్ సరిపోతుంది.

నరాల లెక్క: 5-3-6-3-5

చెయ్యికి స్పర్శనీ కదలికనీ ఇచ్చే నరాలు మెడ దగ్గర వెన్నుపాము నుంచి 5 మూలాలుగా బయలుదేరతాయి. అవి 3 కాండాలుగా కలిసి, 6 పాయలుగా చీలి, మళ్లీ 3 కట్టలై, చివరికి 5 ప్రధాన నరాలుగా చెయ్యిలోకి దిగుతాయి. భుజం ఆపరేషనుకైతే సూది మెడ పక్కన, మోచేయి నుంచి కిందికైతే కాలర్ ఎముక పైన, అరచెయ్యికైతే చంకలో కూడా వేయవచ్చు.

కాలర్ ఎముక పైన అల్ట్రాసౌండ్ పెడితే తెరమీద నల్లగా గుండ్రంగా కొట్టుకునే రక్తనాళం, దాని పక్కనే ద్రాక్షగుత్తిలా నరాలు కనిపిస్తాయి. కొద్ది మిల్లీమీటర్ల కిందే ఊపిరితిత్తి పొర. అందుకే సూది మొన ఎక్కడుందో చూస్తూ మందు వదలాలి. ఈ చోట అల్ట్రాసౌండ్‌తో బ్లాక్ ఇచ్చే పద్ధతిని 1994లో వియన్నా వైద్యులు వివరించారు.

మందు లెక్క: కిలోకి ఎన్ని మిల్లీగ్రాములు?

అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్‌కు సాధారణంగా పాటించే గరిష్ఠ పరిమితి కిలోకి 7 మి.గ్రా.; బుపివకైన్‌కు సుమారు 2 మి.గ్రా. 60 కిలోల మనిషికి బుపివకైన్ 120 మి.గ్రా. మించకూడదు. 0.5 శాతం మందులో మి.లీ.కు 5 మి.గ్రా. ఉంటుంది కాబట్టి, అది 24 మి.లీ. అదే మనిషి నిజంగా 50 కిలోలే అయితే హద్దు 20 మి.లీ. బరువు అంచనాగా చెబితే 4 మి.లీ. తేడా వచ్చేస్తుంది. రెండు మందులూ కలిపి ఇస్తే, దేని హద్దు దానిదే అనుకోకూడదు, ప్రభావాలు కలిసిపోతాయి.

మోతాదు మించినా, మందు పొరపాటున రక్తంలోకి వెళ్లినా నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, ఆపై ఫిట్స్, గుండె లయ తప్పడం రావచ్చు. దానికి విరుగుడు 20 శాతం కొవ్వు ద్రావణం: కిలోకి 1.5 మి.లీ., అంటే 60 కిలోలకు మొదట 90 మి.లీ. బ్లాక్ ఇచ్చే గదిలో అది చేతికందేలా ఉండాలి.

హైదరాబాద్ నేర్పిన పాఠం

మత్తు భద్రత మీద ఈ నగరం ప్రపంచమంతా చర్చించేలా పని చేసింది. అప్పటి మత్తు మందు క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చడానికి, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889లలో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. రెండోదానికి లాన్సెట్ పత్రిక ప్రతినిధిని రప్పించేందుకు నిజాం 1,000 పౌండ్లు ఇచ్చారు. ఇక్కడే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. శ్వాసే ముందు ఆగుతుంది, దాన్నే గమనించండి అని కమిషన్ తేల్చింది. క్లోరోఫాం గుండెనూ నేరుగా దెబ్బతీయగలదని తర్వాతి పరిశోధనలు చూపాయి. అందుకే నేడు బ్లాక్ ఇచ్చినా ఈసీజీ, బీపీ, వేలికి ఆక్సిజన్ క్లిప్పు అన్నీ పెడతారు.

మీరు చెయ్యాల్సింది

యంత్రం ఎక్కి చూసిన బరువే చెప్పండి. గట్టి ఆహారం తిని 6 గంటలు, నీళ్లు తాగి 2 గంటలు దాటాలి. ఆస్తమా, ఊపిరితిత్తుల జబ్బు ఉంటే ముందే చెప్పండి. ఎందుకంటే మెడ పక్క బ్లాక్‌తో శ్వాసకు తోడ్పడే డయాఫ్రం కండరం ఒకవైపు తాత్కాలికంగా బలహీనపడటం మామూలే. రక్తం పలుచబరిచే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. మత్తు పట్టడానికి 15 నుంచి 30 నిమిషాలు ఆగాలి.

బుపివకైన్ ప్రభావం 8 నుంచి 12 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. అంతసేపూ చెయ్యి స్లింగులోనే. వేడి చాయ్ గ్లాసు ఆ చేత్తో పట్టుకోవద్దు, కాలినా తెలియదు. నొప్పి మాత్ర మత్తు దిగకముందే వేసుకోవాలి. ఎక్కువకాలం నిలిచే నరాల దెబ్బ 10,000 మందిలో ఇద్దరి నుంచి నలుగురికే. అయినా ఇచ్చిన మందు, వేళ డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. 24 గంటలు దాటినా తిమ్మిరి వదలకపోతే ఆ కాగితంతో మత్తు డాక్టరుకే ఫోన్ చెయ్యండి.